మంచుకొండ మీద మూడో నెంబరు

మన కృష్ణా జిల్లా ఆడవాళ్ళకి గాలి గురించి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఎండాకాలం సాయంత్రం మేడ మీద పక్కలు పరిచాక, కాలవ వైపు నించి వచ్చే పైరగాలి ఎంత హాయో మనకి తెలుసు. మే నెలలో బెజవాడ సందుల్లో మొహం మాడ్చేసే వడగాలీ తెలుసు. కళ్ళంలో చేట ఎత్తి పట్టుకుని, తూర్పారబట్టడానికి గాలి ఎప్పుడు తిరుగుతుందా అని ఎదురుచూసిన అమ్మమ్మలు మన ఇళ్ళల్లో ఇంకా వున్నారు. ఇక "మచిలీపట్నం రేవులో మూడో నెంబరు ప్రమాద సూచిక" అన్న వార్త చెవిన పడిందంటే చాలు, పెరట్లో ఆరబోసిన వడియాలు లోపలికి చేర్చి, కొవ్వొత్తులూ అగ్గిపెట్టే ఎక్కడున్నాయో చూసుకోవడం మనకి ఎవరూ నేర్పకుండానే వచ్చిన అలవాటు.

అయితే ఈ వారం చెప్పబోయేది మన వూరి గాలి గురించి కాదు, మంచుకొండ మీద గాలి గురించి. "మాకెందుకమ్మా ఆ సంగతి?" అనకండి. ఒకప్పుడు మంచు అంటే సినిమా పాటల్లో చూడటమే. ఇప్పుడు సంక్రాంతి సెలవులు దగ్గర పడుతుంటే గుల్‌మార్గ్ అనీ, మనాలీ అనీ, ఔలీ అనీ మన ఇళ్ళల్లో మాటలు మొదలవుతున్నాయి. పిల్లలు అమెరికాలో వున్నవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. చలికాలంలో అక్కడికి వెళితే, "అమ్మా, శని ఆదివారాలు మంచులోకి తీసుకెళతాం, పద" అంటారు. పిల్లలు స్కీయింగ్ చేస్తుంటే చూడటానికి మనమూ బయల్దేరతాం. అక్కడ తీరా శనివారం పొద్దున్నే హోరున గాలి మొదలైతే ఏం చెయ్యాలి? ఎవరు "వద్దు" అనాలి? ఈ వారం మన కబుర్లు దాని గురించే.

అసలేమిటీ ఆట?

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. స్కీయింగ్ అంటే రెండు కాళ్ళకీ సన్నటి పొడుగాటి చెక్కలు బిగించుకుని, చేతుల్లో రెండు కర్రలు పట్టుకుని మంచు మీద జారడం. స్నోబోర్డు అంటే రెండు కాళ్ళూ ఒకే వెడల్పాటి పలక మీద బిగించుకుని, పక్కకి తిరిగి నిలబడి జారడం.

ఈ స్నోబోర్డు పుట్టుక వెనక ఒక ఇల్లాలు కూడా వుందండోయ్. 1965 క్రిస్మస్ రోజున అమెరికాలో, మిచిగన్ రాష్ట్రంలోని మస్కీగన్ అనే వూళ్ళో షెర్మన్ పాపెన్ అనే ఇంజనీరు, కూతుళ్ళు ఆడుకోవడానికని రెండు స్కీ చెక్కల్ని పక్కపక్కన చేర్చి బిగించాడు. దానికి 'స్నర్ఫర్' అని పేరు పెట్టింది ఆయన భార్య నాన్సీ. మంచూ, అలల మీద ఆటా రెండూ కలిసొచ్చే పేరు. ఇంట్లో పిల్లల కోసం చేసిన ఆ ఆటవస్తువే పెరిగి పెద్దదై 1998లో జపాన్‌లోని నగానో ఒలింపిక్స్ దాకా వెళ్ళింది. మన దేశానికి స్కీయింగ్‌లో మొదటి అంతర్జాతీయ పతకం తెచ్చింది కూడా ఒక ఆడపిల్లే. మనాలీ అమ్మాయి ఆంచల్ ఠాకూర్, 2018 జనవరిలో టర్కీలో కాంస్యం గెలిచింది. కనుక "ఆడపిల్లకి ఈ ఆటలెందుకు?" అని మాత్రం అనకండి. పంపించండి. కాని గాలి చూసి పంపించండి.

గాలి వస్తే తీగ ఎందుకు ఆపుతారు?

గుల్‌మార్గ్ సంగతే తీసుకుందాం. శ్రీనగర్ నించి దగ్గర దగ్గర 50 కిలోమీటర్లు. వూరే సుమారు 2,650 మీటర్ల ఎత్తున వుంది. అక్కణ్ణించి గండోలా అనే తీగబండి ఎక్కితే మొదటి మజిలీ కొంగ్‌డూరి, సుమారు 3,080 మీటర్లు. అక్కడ ఇంకో బండి ఎక్కితే రెండో మజిలీ అఫర్వత్ కొండ, సుమారు 3,980 మీటర్లు. మొదటి మజిలీ 1998లో మొదలైంది, రెండోది 2005లో. అంత దూరం వెళ్ళినవాళ్ళకి రెండో మజిలీ చూడకపోతే పెళ్ళికెళ్ళి భోజనం చెయ్యకుండా వచ్చినట్టు వుంటుంది. గాలి వస్తే ముందుగా ఆగేది ఆ రెండో మజిలీయే.

ఎందుకంటే కింద చెట్ల చాటున గాలి మెల్లిగా వుంటుంది. పైన చెట్లుండవు, గోడలుండవు, వట్టి శిఖరం. కింద హోటలు దగ్గర మఫ్లరు అంచు కదలకపోయినా, పైన మనిషిని నిలబడనివ్వనంత గాలి వుండొచ్చు. తీగకి వేలాడే పెట్టెలు అడ్డగాలికి ఊయల్లా ఊగుతాయి. అలా ఊగుతూ స్తంభం దగ్గరికి వచ్చినప్పుడు దానికి కొట్టుకోవచ్చు. గాలి మరీ ఎక్కువైతే తీగే చక్రాల మీద నించి పక్కకి జారే ప్రమాదం వుంటుంది. అందుకని స్తంభాల మీద గాలి కొలిచే సాధనాలు పెట్టుకుంటారు. గాలి పెరిగితే ముందు వేగం తగ్గిస్తారు, ఇంకా పెరిగితే జనాన్ని దించేసి ఆపేస్తారు. కుర్చీల లిఫ్టులైనా, పెట్టెల లిఫ్టులైనా, కాశ్మీరైనా, కాలిఫోర్నియా అయినా పద్ధతి ఇదే.

అక్కడ "గాలి వల్ల ఈ రోజు నడపడం లేదు" అని బోర్డు పెడితే చాలామంది యాత్రికులు గొడవకి దిగుతారు. "ఎండ కాస్తోంది కదా, గాలేదీ?" అంటారు. అది మన బందరు రేవులో ఎగరేసే ప్రమాద సూచిక లాంటిదే. సముద్రం ఒడ్డున ఎండ కాస్తున్నా సరే, సూచిక ఎగరేశాక మన జాలరి వల భుజానేసుకుని బయల్దేరడు. 

గాలితో ఆట ఎలాంటిదో చెప్పడానికి గుల్‌మార్గ్‌లోనే ఒక సంఘటన వుంది. 2017 జూన్ 25న, మంచుకాలం కూడా కాదు, వేసవి ఆదివారం. ఈదురుగాలికి ఒక పెద్ద చెట్టు కూలి గండోలా తీగ మీద పడింది. ఒక పెట్టె కిందపడి ఏడుగురు పోయారు. ఢిల్లీ నించి సరదాగా వచ్చిన ఒక కుటుంబం, తల్లీ తండ్రీ ఇద్దరు చిన్నపిల్లలు, నలుగురూ అందులో వున్నారు. ఈ మాట మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. ఏటా లక్షలమంది క్షేమంగానే ఎక్కి దిగుతున్నారు. గాలి వల్ల ఆపారంటే అది మన మీద కక్షతో కాదని చెప్పడానికే.

గాలి చలిని ఎలా పెంచుతుంది?

"థర్మామీటరు సున్నా చూపిస్తోంది, అంతేగా" అనుకుంటాం. గాలి లేని సున్నా వేరు, గాలి వున్న సున్నా వేరు. పులిహోర కలిపేముందు అన్నం ఏం చేస్తాం? పళ్ళెంలో వెడల్పుగా పరిచి విసనకర్రతో విసురుతాం, లేదా ఫ్యాను కింద పెడతాం. అన్నం చుట్టూ వుండే వేడి పొరని గాలి ఎప్పటికప్పుడు ఎగరగొట్టేస్తుంది కనుక తొందరగా చల్లారుతుంది. మంచుకొండ మీద ఆ అన్నం మన ఒళ్ళే! ఒంటిని అంటిపెట్టుకుని వుండే కాస్త వెచ్చదనాన్ని గాలి వూడ్చుకుపోతుంది.

లెక్క కూడా చెబుతాను. సున్నా డిగ్రీల్లో గంటకి 30 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి తగిలే చలి మైనస్ 6, 7 డిగ్రీలు. అదే మైనస్ 10లో ఆ గాలే వీస్తే దాదాపు మైనస్ 20. పైగా ఎత్తు పెరిగేకొద్దీ వెయ్యి మీటర్లకి సుమారు 6 డిగ్రీల చొప్పున చలి పెరుగుతుంది. అంటే గుల్‌మార్గ్ వూళ్ళో సున్నా అయితే అఫర్వత్ మీద మైనస్ 8 వుంటుంది, ఆ పైన గాలి లెక్క వేరే. హైదరాబాదులో స్నో వరల్డ్ చూసి, "మాకు మంచు అలవాటేలే" అనుకునేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. అది నాలుగు గోడల మధ్య చలి. అక్కడ కొండగాలి వుండదు.

గాలి మంచుని కూడా మార్చేస్తుంది. మెత్తటి పొడిని ఎగరగొట్టేసి కింద గట్టిగా, గాజులా జారే పొరని మిగులుస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు దాని మీద పడితే మణికట్టుకీ, నడుముకీ దెబ్బ. ఎగరగొట్టిన మంచుని కొండ అవతలి వైపు కుప్పగా పోస్తుంది. ఆ కుప్పలే ఒక్కోసారి విరిగి కిందికి దొర్లుతాయి. 2010 ఫిబ్రవరిలో గుల్‌మార్గ్ దగ్గర అలాంటి హిమపాతం శిక్షణలో వున్న సైనికుల ప్రాణాలే తీసింది. కనుక గాలివాన లాంటి మంచు కురిసిన మర్నాడు, "ఎవరూ తొక్కని మంచు భలే వుంటుంది" అని గైడు ఎంత వూరించినా, తాళ్ళు కట్టి గుర్తులు పెట్టిన హద్దు దాటకండి.

బట్టలూ, నగలూ

మన నూలు బట్టలంటే మనకి ప్రాణం. బెజవాడ ఎండకి వాటిని మించినవి లేవు. మంచులో మాత్రం నూలు శత్రువు. చెమటనీ తడినీ పీల్చుకుని ఆరదు, దాని మీద గాలి తగిలితే తడిగుడ్డ చుట్టిన కుండే మనం. కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో తెలుసు కదా! అందుకని ఒంటిని అంటిపెట్టుకుని వుండే పొర థర్మల్ లోదుస్తులు, దాని మీద వూలు స్వెట్టరు, అన్నిటికీ పైన గాలీ నీళ్ళూ చొరబడని జర్కిన్. ఒక లావుపాటి కోటు కన్నా మూడు పల్చటి పొరలు మేలు. చీర కట్టుకోవాలనుకునే పెద్దవాళ్ళు హోటలు గదిలో కట్టుకోండి, మంచులోకి మాత్రం ప్యాంటు వేసుకోండి. "ఈ వయసులో ప్యాంటా?" అని సిగ్గుపడకండి. అక్కడ మనల్ని చూసేవాళ్ళెవరూ లేరు, అందరూ ఎలుగుబంట్లలాగే వుంటారు!

టంగ్‌మార్గ్‌లో కోట్లూ బూట్లూ అద్దెకిస్తారు. బూటు లోపల చెయ్యి పెట్టి తడి వుందేమో చూసుకుని మరీ తీసుకోండి. రెండు జతల మేజోళ్ళు వేసుకుంటే వెచ్చగా వుంటుందనుకుని బూటు బిగువైతే లాభం లేదు. రక్తం ఆడక వేళ్ళు ఇంకా చల్లబడతాయి. మెట్టెలు, వుంగరాలు కూడా బిగుతుగా వుంటే ఆ రెండు రోజులూ తీసి భద్రంగా దాచుకోండి. వేళ్ళు వాచాక తియ్యడం కష్టం. మెట్టెలు తియ్యడానికి అత్తగారు ఒప్పుకోకపోతే, "వేళ్ళుంటేనే కదండీ మెట్టెలు" అని నవ్వుతూ చెప్పండి.

కొబ్బరినూనె సీసా సంచిలో వేసుకోకండి, రాయిలా గడ్డకడుతుంది. పెదాలకీ బుగ్గలకీ వాజలైను రాయండి. నల్లకళ్ళద్దాలు సోకు కోసం కాదు, తప్పనిసరి. కొత్తగా పడిన మంచు సూర్యుడి అతినీల కిరణాల్లో నూటికి 80 వంతుల దాకా తిప్పికొడుతుంది. కళ్ళలో ఇసక పోసినట్టు మండి, నీళ్ళు కారి రెండు రోజులు కళ్ళు తెరవలేని పరిస్థితి వస్తుంది.

తిండి సంగతి

ఎత్తు మీద నీళ్ళు 100 డిగ్రీలకి ముందే మరిగిపోతాయి. గుల్‌మార్గ్‌లో అయితే 91 దగ్గరే. కుక్కరు లేకుండా పప్పు ఉడకదు, అన్నం పలుకు మిగులుతుంది. కనుక అక్కడ వండుకునే ప్రయత్నం మానుకుని ఇంటి నించి సున్నుండలు, వేరుశనగ ఉండలు, ఖర్జూరాలు, జంతికలు తీసుకెళ్ళండి. చలిలో ఒంటికి తీపీ, నెయ్యీ కావాలి. జర్కిన్ జేబులో రెండు సున్నుండలు వుంటే పిల్లలు మీ చుట్టూనే తిరుగుతారు!

గాలికి బయటికి వెళ్ళలేని రోజు తాగడానికి చారుపొడి ఒకటి చేసి పెట్టుకోండి. అరకప్పు ధనియాలు, రెండు టేబుల్ స్పూన్ల మిరియాలు, రెండు టేబుల్ స్పూన్ల జీలకర్ర, రెండు టేబుల్ స్పూన్ల కందిపప్పు, నాలుగు ఎండుమిరపకాయలు, రెండు రెబ్బల కరివేపాకు విడివిడిగా నూనె లేకుండా వేయించండి. పప్పు ఎర్రగా వేగాలి, కరివేపాకు గలగలలాడాలి. చల్లారాక చిటికెడు ఇంగువ, తగినంత ఉప్పు, రెండు టీస్పూన్ల ఆమ్‌చూర్ పొడి వేసి మెత్తగా పొడి కొట్టండి. చింతపండు పిసికే పని లేదు. గ్లాసుడు సలసల కాగే నీళ్ళలో ఒక స్పూను వేసి, నెయ్యి చుక్క తగిలిస్తే మన ఇంటి చారే. ఫ్లాస్కులో పోసుకుని వెంట తీసుకెళ్ళొచ్చు.

ఇంకో మాట. గాలికి కరెంటు పోతే, గది తలుపులు బిగించుకుని బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవద్దు. దాన్నుంచి వచ్చే విషవాయువుకి వాసన వుండదు, రంగు వుండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కాసేపు చేతులు కాచుకుని, పడుకునేముందు కుంపటి బయట పెట్టించండి. దుప్పట్లు ఇంకో రెండు అడగండి.

తల్లి కన్ను చూడాల్సినవి

గాలి రోజున పది నిమిషాలకోసారి పిల్లల మొహాలు చూడండి. ముక్కు కొస, చెవి తమ్మెలు, బుగ్గలు ఎర్రగా వుంటే ఫరవాలేదు. పాలిపోయి తెల్లగా మైనంలా మచ్చ కనిపించినా, "అమ్మా, ఇక్కడ స్పర్శ తెలియట్లేదు" అన్నా అది మంచుకాటు మొదలు. వెంటనే లోపలికి తీసుకెళ్ళండి. రుద్దకూడదు. మంచుతో అసలే రుద్దకూడదు. హీటరుకి దగ్గరగా పెట్టకూడదు, స్పర్శ లేని చర్మం కాలినా తెలియదు. పసిపిల్లకి నీళ్ళు పోసేటప్పుడు మోచేత్తో చూస్తామే, అలాంటి గోరువెచ్చటి నీళ్ళలో ఆ వేళ్ళని వుంచి, డాక్టరుకి చూపించండి.

వణుకు మంచిదే, ఒళ్ళు వేడి పుట్టించుకుంటోందని అర్థం. కాని మనిషి తడిసి, మాట ముద్దగా వస్తూ, కాళ్ళు తడబడుతూ, నిద్ర నిద్ర అంటూ వుంటే అది ప్రమాదం. అలాంటివాళ్ళు వణకడం మానేస్తే తగ్గిందనుకోకండి, ముదిరిందని అర్థం. తడిబట్టలు తీసి, దుప్పట్లు కప్పి, తెలివిలో వుంటే వెచ్చటి తియ్యటి పాలు పట్టి, డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. మగవాళ్ళు "కాస్త బ్రాందీ పోస్తే సరి" అంటారు. పొయ్యకండి. అది చర్మానికి రక్తం ఎక్కించి లోపలి వేడిని బయటికి పంపేస్తుంది. గుండెజబ్బు, బీపీ, ఉబ్బసం వున్నవాళ్ళు, గర్భిణులు అంత ఎత్తుకి వెళ్ళాలా వద్దా అన్నది ఇంటి దగ్గరే డాక్టర్ని అడిగి తేల్చుకోవాలి.

ప్రయాణం వేసుకునేటప్పుడే

రెండు రోజుల కోసం వెళుతున్నా మూడో రోజు ఒకటి చేతిలో వుంచుకోండి. తీగబండి ప్రయాణం చివరి రోజుకి పెట్టుకోకండి. మొదటి రోజే పెట్టుకుంటే గాలి వచ్చినా మర్నాడు మిగులుతుంది. టికెట్టు కొనేముందే "నడపకపోతే డబ్బు వెనక్కి ఇస్తారా?" అని అడిగి తెలుసుకోండి. వాతావరణం చూసేటప్పుడు వూరి లెక్క కాదు, శిఖరం మీద గాలి లెక్క చూడమని పిల్లలకి చెప్పండి. కాశ్మీరు వెళ్ళేవాళ్ళు, 2025 ఏప్రిల్‌లో పహల్‌గామ్‌లో జరిగిన ఘోరం తర్వాత ఏయే చోట్లు తెరిచారో, రోడ్ల పరిస్థితి ఎలా వుందో బయల్దేరేముందు కనుక్కోవాలి. ఔలీ అనుకునేవాళ్ళు కూడా అంతే. 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగినప్పుడు అక్కడి రోప్‌వే ఆపేశారు. అది నడుస్తోందో లేదో తెలుసుకోకుండా పాత ఫొటోలు చూసి బయల్దేరకండి. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళేవాళ్ళు ఆరోగ్య బీమా లేకుండా మంచులోకి అడుగు పెట్టొద్దు. కాలు బెణికినా అక్కడ ఆసుపత్రి బిల్లు మనం మోయలేం.

ఇన్ని చేసినా గాలి వస్తే వస్తుంది. అప్పుడే అసలు పరీక్ష. "ఇంత డబ్బు పోసి, ఇంత దూరం వచ్చి గదిలో కూర్చుంటామా?" అని ఎవరో ఒకరు అంటారు. మావగారికి కోపం, పిల్లలకి ఏడుపు, ఆయనకి పంతం. తీగబండి లేకపోతే గుర్రం మీద వెళదామనీ, స్నోబైకు మీద పైకి తీసుకెళతానన్నాడనీ బేరాలు మొదలవుతాయి. "నేనెందుకు చెడ్డదాన్నవ్వాలి" అని ఆ సమయంలో చాలామంది ఆడవాళ్ళు వూరుకుంటారు.

వూరుకోకండి. 1977 నవంబరు 19న దివిసీమలో ఏం జరిగిందో మన ఇళ్ళల్లో చెప్పుకోని వాళ్ళుండరు. అధికారుల లెక్కల్లోనే పది వేల ప్రాణాలు. గాలిని తక్కువగా చూడకూడదని ఈ నేల మనకి చాలా ఖరీదు పెట్టి నేర్పింది. ఆ తెలివి అవనిగడ్డలో పనికొచ్చి అఫర్వత్ మీద పనికిరాకుండా పోదు. పోయిన టికెట్టు డబ్బు పోయినట్టే. దాన్ని రాబట్టడానికి పిల్లల్ని గాలిలోకి పంపితే పోయేది డబ్బుతో ఆగదు.

"ఈ రోజు వద్దండీ, రేపు చూద్దాం" అనండి. గట్టిగా అనండి. అని వూరుకోకుండా ఆ రోజుని పండగ చెయ్యండి. కిటికీ పక్కన కూర్చుని వేడి చారు తాగండి. చెట్ల చాటున, హోటలు ముందర పిల్లల చేత మంచుబొమ్మ చేయించండి. పేకలూ అష్టాచెమ్మా తియ్యండి. గాలి తగ్గేదాకా మావగారి చేత పాత తుఫాను కబుర్లు చెప్పించండి. మన డెల్టాలో ముసురు పట్టిన రోజున అందరం చేసేది అదే కదా! గాలి తగ్గిన మర్నాడు ఆ మంచుకొండ కడిగిన ముత్యంలా వుంటుంది. అప్పుడు ఎక్కండి, హాయిగా చూడండి, క్షేమంగా దిగి రండి.